విడిదిని రాత్రి తొమ్మిది గంటల లెక్కతో చూడండి

అమెరికాలో ఆర్‌వీ కిరాయికి తీసుకుని ఊళ్లు చూసొచ్చే తెలుగు కుటుంబాలు ఇప్పుడు కొత్త కాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తామామలో వస్తారు, పిల్లలకు సెలవులు ఇస్తారు. ఆరుగురూ ఒకే బండిలో వండుకుంటూ, పడుకుంటూ తిరిగి రావచ్చన్న ఆలోచన ఎవరినైనా ఊరిస్తుంది. నేషనల్ పార్కులకు వెళ్లేటప్పుడు ఆ ఆలోచనకు పెద్దగా అడ్డు ఉండదు. అక్కడ క్యాంప్‌గ్రౌండే చూడదగ్గ చోటు, తలుపు తీస్తే ఎదురుగా కొండ ఉంటుంది. చిక్కంతా దారిలో మహానగరం తగిలినప్పుడే. బండిని ఊళ్లోకి తీసుకెళ్తే నిలపడానికి చోటు దొరకదు, ఊరి బయట నిలిపితే ఊరు చూడటం ఎలాగో తెలియదు. ఈ చిక్కును విప్పుకోకుండానే చాలామంది హోటల్ వెతికినట్టు క్యాంప్‌గ్రౌండ్ వెతుకుతారు: మ్యాప్‌లో ఊరికి ఎంత దగ్గర, ఎన్ని స్టార్లు, ఈతకొలను ఉందా, రోజుకు ఎంత. ఇవి అడగకూడని ప్రశ్నలేం కాదు. కానీ యాత్ర బాగా సాగిందా బెడిసికొట్టిందా అన్నది వీటివల్ల తేలదు. నగరం చూడటానికి ఎంచుకునే విడిదిని రాత్రి తొమ్మిది గంటల లెక్కతో చూడాలన్నది ఈ అధ్యాయంలో నా వాదన. రోజంతా మ్యూజియాలు తిరిగి కాళ్లు పీకుతున్న ఆరుగురు ఆ వేళకు బండి దగ్గరికి ఎలా చేరతారన్నది ముందు తేల్చుకోవాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఈ వాదనకు ఆధారం బండి కొలతల్లోనే ఉంది. కుటుంబాలు ఎక్కువగా తీసుకునే క్లాస్ సి ఆర్‌వీ పొడవు 25 అడుగులు, ఆపైన. పైకప్పు మీది ఏసీతో కలిపి ఎత్తు 12 అడుగుల దాకా ఉంటుంది. నగరాల్లోని పార్కింగ్ గ్యారేజీలు చాలావరకు 7 అడుగుల దగ్గరే ఆపేస్తాయి. బోస్టన్‌లో నది పక్కనే సాగే స్టారో డ్రైవ్ మీద వంతెనల ఎత్తు 10 అడుగులని బోర్డులు పెట్టినా, ఏటా సెప్టెంబరు మొదట్లో ఇళ్లు మారే సామాన్ల ట్రక్కులు పైకప్పులు ఊడగొట్టుకుంటూనే ఉంటాయి. కనెక్టికట్‌లోని మెరిట్ పార్క్‌వే మీద 8 అడుగుల ఎత్తు దాటిన బండికి అసలు ప్రవేశమే లేదు. ఫోన్‌లో అందరూ వాడే మ్యాప్‌కు మీ బండి ఎత్తు తెలియదు, కారుకు చెప్పిన దారే మీకూ చెబుతుంది. వీధి పక్కన నిలుపుకుందామా అంటే నగరాలు ఆ తలుపు కూడా మూసేస్తున్నాయి. ఊరంతటా పెద్ద వాహనాల పార్కింగ్‌ను రెండు గంటలకు పరిమితం చేస్తూ శాన్‌ఫ్రాన్సిస్కో 2025లో చట్టం చేసింది. రెండు గంటల్లో ఆరుగురు ఒక మ్యూజియం చూసి బయటికి రాలేరు. కాబట్టి నగరం చూసే రోజుల్లో ఆర్‌వీ ఇల్లే తప్ప బండి కాదు. ఒకసారి సైటులో నిలిపి, గొట్టాలూ తీగలూ తగిలించాక వెళ్లిపోయే రోజు దాకా దాన్ని కదపకూడదని ముందే నిశ్చయించుకోవాలి. బండి కదలదు కనుక మనుషులు ఎలా కదులుతారన్నదే ఎంపికకు గీటురాయి అవుతుంది.

మనుషుల కదలికలో ఉదయానికీ రాత్రికీ చాలా తేడా ఉంది. పొద్దున్న ఎనిమిదింటికి అందరూ హుషారుగా ఉంటారు. బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఫోటోలు దిగుతారు, మైలు నడవాల్సి వస్తే నడుస్తారు. క్యాంప్‌గ్రౌండ్ల గురించి రాసేవాళ్లలో చాలామంది ఈ ఉదయపు ప్రయాణాన్నే కొలిచి ‘ఊరికి వెళ్లడం సులువు’ అని తేల్చేస్తారు. రాత్రి అదే దారి వేరుగా ఉంటుంది. రైలు దిగేసరికి బస్సులు పలచబడతాయి, ఆదివారమైతే కొన్ని అసలు నడవవు. చిన్నపిల్ల భుజం మీద నిద్రపోతుంది. మామగారికి మోకాళ్ల నొప్పి, అత్తగారికి ఆ పూట వేసుకోవాల్సిన షుగర్ మాత్ర బండిలోనే ఉండిపోయింది. క్యాంప్‌గ్రౌండ్ గేటు దగ్గర దిగినా కథ ముగియదు. పెద్ద పార్కుల్లో గేటు నుంచి మీ సైటుకు అర మైలు ఉండొచ్చు, చెట్లున్న పార్కుల్లో ఆ దారిలో దీపాలు ఉండవు. ఈ చివరి నలభై నిమిషాలు బాగా లేకపోతే మర్నాడు పొద్దున్నే పెద్దవాళ్లు, ‘మీరు వెళ్లిరండి నాయనా, మేం ఇక్కడే ఉంటాం’ అంటారు. ఎవరికి చూపించాలని బయల్దేరారో వాళ్లే రెండో రోజు నుంచి బండిలో కూర్చుంటారు.

వాషింగ్టన్ డి.సి.ని తీసుకుని ఈ లెక్క వేసి చూద్దాం. తెలుగువాళ్లు ఇండియా నుంచి వచ్చిన పెద్దలను తప్పకుండా తీసుకెళ్లే ఊరు అది. స్మిత్సోనియన్ మ్యూజియాలకు టికెట్టు లేదు. చూడాల్సినవన్నీ నేషనల్ మాల్‌కు అటూ ఇటూనే ఉంటాయి, మెట్రో రైలు అక్కడి దాకా వెళ్తుంది. ఊరి చుట్టూ ఆర్‌వీలు నిలిపే చోట్లు కొన్ని ఉన్నాయి. మేరీలాండ్ వైపు కాలేజ్ పార్క్‌లో, ఐ-95, ఐ-495 కలిసేచోటికి దగ్గర్లో చెర్రీ హిల్ పార్క్ ఉంది. అది ప్రైవేటుది. నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉన్న సైట్లు, ఈతకొలను అన్నీ ఉన్నాయి. ఆ పక్కనే నేషనల్ పార్క్ సర్వీస్ నడిపే గ్రీన్‌బెల్ట్ పార్క్ ఉంది. నగరానికి సుమారు 12 మైళ్లు, చుట్టూ అడవి, అద్దె బాగా తక్కువ. కానీ ఏ సైటుకూ నీళ్లూ కరెంటూ లేవు. వర్జీనియా వైపు రెస్టన్‌లో కౌంటీ నడిపే లేక్ ఫెయిర్‌ఫాక్స్ పార్క్ ఉంది. అక్కడ కొన్ని సైట్లకు కరెంటు ఉంది. ఇంకా పడమరకు పోతే సెంటర్‌విల్‌లో బుల్ రన్ రీజినల్ పార్క్. మ్యాప్ మీద మైళ్లు చూసి ఎంచుకుంటే మేరీలాండ్‌వి ముందు, బుల్ రన్ చివర. రాత్రి తొమ్మిది లెక్కతో చూస్తే వరుస అంత తేలిగ్గా తేలదు.

చెర్రీ హిల్‌కు, గ్రీన్‌బెల్ట్ పార్క్‌కు దిక్కు మెట్రో గ్రీన్ లైన్. కాలేజ్ పార్క్ స్టేషన్‌లో ఎక్కితే ఆర్కైవ్స్‌లోనో లాన్‌ఫాంట్ ప్లాజాలోనో దిగొచ్చు. రైలు మారనక్కర్లేదు, ప్రయాణం అరగంట అటూ ఇటూగా ఉంటుంది. అంటే రైలుతో ఇబ్బంది లేదు. తేల్చుకోవాల్సింది స్టేషన్‌కూ సైటుకూ మధ్య దూరం. చెర్రీ హిల్‌కు బస్సు సౌకర్యం ఉన్న పార్కుగా ఎప్పటినుంచో పేరుంది, పాత రాతల్లో ఆ బస్సు నంబర్లు కూడా కనిపిస్తాయి. ఆ నంబర్లను నమ్ముకోకండి. వాషింగ్టన్ రవాణా సంస్థ 2025 జూన్ ఆఖరున తన బస్సు మార్గాలన్నిటినీ తిరగరాసి, పేర్లు కూడా మార్చేసింది. అంతకు ముందు ఎవరు రాసిన సలహా అయినా బస్సు విషయంలో చెల్లని చీటీయే. కొత్త మార్గాల పట్టికలో ఆ పార్కుకు దగ్గరి స్టాపు ఏదో, రాత్రి చివరి బస్సు ఎన్నింటికో, శని ఆదివారాల్లో ఎంతసేపటికి ఒకటో మీరే చూసుకోవాలి. గ్రీన్‌బెల్ట్ పార్క్‌లో ఆ ప్రశ్నే రాదు. అడవి మధ్య సైటు నుంచి స్టేషన్ దాకా పెద్దవాళ్లు చీకట్లో నడిచే దూరం కాదు, కాబట్టి రానూ పోనూ ట్యాక్సీ కట్టుకోవాల్సిందే. లేక్ ఫెయిర్‌ఫాక్స్ నగరానికి దూరమే. కానీ సిల్వర్ లైన్‌లోని వీలే-రెస్టన్ ఈస్ట్ స్టేషన్ దానికి కొద్ది మైళ్లలోనే ఉంది, ఆ రైలు తిన్నగా స్మిత్సోనియన్ స్టేషన్‌కు పోతుంది. 2014లో ఆ స్టేషన్ తెరవక ముందు ఆ పార్కును నగర యాత్రకు ఎవరికీ చెప్పలేకపోయేవాళ్లం. ఇప్పుడు చెప్పొచ్చు. బుల్ రన్ నుంచి ఆరెంజ్ లైన్ చివరి స్టేషన్ వియెన్నాకు డజను మైళ్ల పైనే పడుతుంది. రోజూ రెండుసార్లు ఆ దూరం అంటే సొంత కారు ఉన్నవాళ్లకే అది విడిది, లేనివాళ్లకు కాదు.

ఇక్కడ ఎవరైనా అడిగే మాట ఒకటుంది: ‘ఫోన్‌లో ఊబర్ పిలిస్తే పోలా? దీనికింత లెక్క ఎందుకు?’ ఇద్దరే అయితే ఈ అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు, పిలిచేయండి. ఆరుగురైతే మామూలు కారు చాలదు, పెద్ద కారే కావాలి. పిల్లకు కారు సీటు కావాలి, రోజంతా దాన్ని మ్యూజియాల్లో మోసుకు తిరగలేరు. ఆట ముగిసిన వేళో, వాన పడ్డ వేళో రేటు రెట్టింపవుతుంది. డ్రైవరు క్యాంప్‌గ్రౌండ్ గేటు దాకా వచ్చి, లోపల సైటు నంబరు దొరక్క అక్కడే దింపేసి పోవడం కూడా ఉంటుంది. అయినా ట్యాక్సీని కొట్టిపారేయనక్కర్లేదు. దాన్ని స్టేషన్ నుంచి పార్కు దాకా ఉండే ఆ రెండు మూడు మైళ్లకు వాడండి, నగరం నడిబొడ్డు నుంచి కాదు. అప్పుడు ఖర్చు చేతిలో ఉంటుంది, రైలు ఆలస్యమైనా నష్టం లేదు. మరో దారి చుట్టాలు. ఉత్తర వర్జీనియాలో హెర్న్‌డన్, యాష్‌బర్న్, శాంటిలీ వైపు మనవాళ్లు లేని వీధి లేదంటే పెద్దగా తప్పుకాదు. తెలిసినవాళ్లింట్లో అదనపు కారు ఉంటే, ఆ మూడు రోజులూ ఇస్తామంటే, పైన చెప్పిన లెక్కంతా మారిపోతుంది. బుల్ రన్ ఒక్కసారిగా ముందు వరుసలోకి వస్తుంది. కారున్నా ఊళ్లోకి దాన్ని తీసుకుపోవద్దు. స్టేషన్ గ్యారేజీలో పెట్టి రైలెక్కండి. ఎవరింటి ముందైనా ఆర్‌వీ నిలుపుకుంటే పోదా అనుకునేవాళ్లు ముందు ఆ కాలనీ హోమ్ ఓనర్స్ అసోసియేషన్ నిబంధనలు అడగాలి. చాలా కాలనీల్లో రాత్రిపూట ఆర్‌వీ కనపడకూడదు, మాట పడేది మీకు చోటిచ్చినవాళ్లు.

కరెంటు, నీళ్ల హుకప్‌ల సంగతి కూడా ఈ రాత్రి లెక్కలోదే, సౌఖ్యం మాత్రమే కాదు. వాషింగ్టన్‌లో జూలై పగళ్లు 32 డిగ్రీల దాకా పోతాయి, ఉక్క మన కోస్తా జిల్లాలను గుర్తుచేస్తుంది. రోజంతా మూసి ఉంచిన రేకు డబ్బా లాంటి బండిలోకి రాత్రి అడుగుపెట్టినప్పుడు ఏసీ నడవాలి. హుకప్ లేని చోట ఏసీకి జనరేటరే ఆధారం. నేషనల్ పార్క్ సర్వీస్ క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా నిశ్శబ్ద వేళలు, అప్పుడు జనరేటర్ ఆపాల్సిందే. తొమ్మిదిన్నరకు చేరినవాళ్లకు చల్లగాలి దొరికేది అరగంట. ఇక నీళ్లు. కిరాయి బండ్లలో మంచినీళ్ల ట్యాంకు చాలావరకు 40 గాలన్ల దరిదాపుల్లో ఉంటుంది, అంటే 150 లీటర్లు. మన ఇళ్లలో బియ్యం కడగడం, గిన్నెలు తోమడం, పొద్దున్నే తలస్నానం, బాత్రూమ్‌లో నీళ్ల వాడకం అన్నీ కలిస్తే ఆరుగురికి అది ఒక పూట సరిపోతే గొప్ప. వాడిన నీళ్లు పోయే ట్యాంకులు అంతకన్నా చిన్నవి. అవి నిండితే బండిని కదిపి డంప్ స్టేషన్‌కు తీసుకుపోవాలి, మరి ఆ రోజు నగరం చూసేదెప్పుడు? అందుకే మూడు రాత్రులకు మించి ఉండేట్టయితే, పెద్దలూ పిల్లలూ ఉంటే, ఫుల్ హుకప్, అంటే నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉన్న సైటే తీసుకోమంటాను. అక్కడా చిన్న జాగ్రత్త ఉంది. 30 ఆంపుల ప్లగ్గు మొత్తం మీద ఇచ్చేది 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, ఇన్‌స్టంట్ పాట్ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అన్నం వండేంతసేపూ మైక్రోవేవ్ జోలికి పోకండి, లేదా అన్నాన్ని గ్యాస్ పొయ్యి మీదికి మార్చండి.

డబ్బు మాట వచ్చేసరికి ఈ సలహాకు గట్టి ప్రతివాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మహానగరం పక్కన ప్రైవేటు పార్కులో ఫుల్ హుకప్ సైటుకు సీజన్‌లో రాత్రికి వంద డాలర్లు దాటడం మామూలే. ప్రభుత్వ పార్కులో దానిలో కొద్ది వంతే అవుతుంది. 62 ఏళ్లు దాటిన అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ సీనియర్ పాస్ ఉంటుంది. ఏడాదికి 20 డాలర్లు, జీవితకాలానికి 80. దానితో గ్రీన్‌బెల్ట్ లాంటి ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో అద్దె సగానికి తగ్గుతుంది. గ్రీన్‌కార్డు మీద వచ్చి ఉంటున్న తల్లిదండ్రులకు కూడా ఈ హక్కు ఉందని చాలామంది పిల్లలకు తెలియదు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు వర్తించదు. అయితే చౌక అన్నది ఒక్క అద్దెతో ఆగదు. రోజూ రెండు పెద్ద ట్యాక్సీలు, జనరేటర్‌కు కిరాయి కంపెనీ గంటకింత అని వేసే చార్జీ, ట్యాంకు ఖాళీ చేయడానికి బండి తీస్తే మైలుకింత అని వేసేది, గాలన్‌కు పది మైళ్లు కూడా ఇవ్వని ఇంధనం ఖర్చు, ఇవన్నీ కలిపితే తేడా చాలావరకు కరిగిపోతుంది. ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో చల్లటి రోజుల్లో, ఇద్దరో ముగ్గురో, రెండు రాత్రులకు వెళ్తే మాత్రం గ్రీన్‌బెల్ట్ పార్క్‌కు సాటి లేదు. ఆ చెట్ల నీడ ఏ ప్రైవేటు పార్కూ ఇవ్వలేదు. ఇక వాల్‌మార్ట్ పార్కింగ్‌లో ఊరికే పడుకోవచ్చన్న మాట హైవేల మీద కొంతవరకు నిజం. అనుమతి ఆ స్టోరు మేనేజరుదీ, ఆ ఊరి చట్టానిదీ. మహానగరాల చుట్టుపక్కల చాలాచోట్ల కుదరదు. కుదిరినా అది ఒక రాత్రి కునుకు తీయడానికే, పెద్దవాళ్లను అక్కడ వదిలి ఊరు చూడటానికి కాదు.

విడిది ఎంపికలో దారి కూడా కలిసే ఉంటుంది, న్యూజెర్సీ నుంచి దిగేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఎడిసన్ వైపు నుంచి వాషింగ్టన్‌కు ఐ-95 మీద వస్తే మధ్యలో బాల్టిమోర్ తగులుతుంది. అక్కడ నీటి కింద రెండు సొరంగాలు ఉన్నాయి, ఐ-95 మీద ఫోర్ట్ మెక్‌హెన్రీ, ఐ-895 మీద హార్బర్ టన్నెల్. 10 పౌండ్లకు మించిన ప్రొపేన్ సిలిండరు ఉన్న బండిని రెంటిలోకీ రానివ్వరు. ఆర్‌వీలో పొయ్యికీ ఫ్రిజ్‌కూ ఉండే ట్యాంకు అంతకన్నా పెద్దదే. కవాటం కట్టేశామన్నా ఒప్పుకోరు. ఇదివరకు ఇలాంటి బండ్లు ఐ-695 మీద ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన ఎక్కి తూర్పు నుంచి దాటేవి. 2024 మార్చి 26 తెల్లవారుజామున డాలీ అనే సరుకుల ఓడ ఢీకొని ఆ వంతెన కూలిపోయింది. కొత్తది కట్టేదాకా మిగిలిన దారి ఐ-695 మీదే, పడమటి వైపు చుట్టి రావడం. శుక్రవారం సాయంత్రం ఆ చుట్టుదారి మీద గంట తేలిగ్గా పోతుంది. పాత పుస్తకమో పాత సలహానో పట్టుకుని వచ్చేవాళ్లు సొరంగం ముందు నిలబడి వెనక్కి తిరగలేక ఇరుక్కునేది ఇక్కడే. ఇలా ఉత్తరం నుంచి వచ్చేవాళ్లకు మేరీలాండ్ వైపు విడిది కలిసొస్తుంది, ఐ-495 బెల్ట్‌వే మీద పొటోమాక్ నది దాటే పని తప్పుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు లాన్‌హామ్‌లోని శివ విష్ణు ఆలయం కూడా కొద్ది మైళ్లలోనే ఉంది. గుడి పార్కింగ్‌లోకి పెద్ద బండి తేవచ్చా అని ముందు ఫోన్‌లో అడగండి, పండగ రోజుల్లో కారుకే చోటుండదు. వాషింగ్టన్ తర్వాత షెనండోవా కొండలకు పోయే ఆలోచన ఉంటే వర్జీనియా వైపే మేలు. అక్కడి స్కైలైన్ డ్రైవ్ మీద మేరీస్ రాక్ సొరంగం ఎత్తు 12 అడుగుల 8 అంగుళాలని మాత్రం బండి తీసుకునే రోజే రాసిపెట్టుకోండి.

‘ఇన్ని లెక్కలు వేసేకంటే ఊళ్లోనే హోటల్ తీసుకుంటే పోలేదా?’ అని అడిగేవాళ్లకు నా జవాబు, అవును, కొన్నిసార్లు అదే సరి. మీ యాత్ర మొత్తం వాషింగ్టన్ ఒక్కటే అయితే ఆర్‌వీ తీసుకోవద్దు. బండి కిరాయి, మైళ్ల చార్జీ, సైటు అద్దె కలిపితే మెట్రో స్టేషన్ పక్కన రెండు గదుల హోటల్‌కు తక్కువ కాదు, సుఖం అక్కడే ఎక్కువ. ఆర్‌వీకి అర్థం వచ్చేది పది రోజుల యాత్రలో నయాగరా, కొండలు, సముద్రం ఉండి, మధ్యలో ఒక నగరం పడినప్పుడే. అప్పుడు సామాను దింపి ఎక్కించే పని ఉండదు, పెద్దవాళ్లకు వాళ్ల మంచం, వాళ్ల బాత్రూమ్, వాళ్ల పప్పు అన్నం రోజూ ఒకేచోట ఉంటాయి. బయటి తిండి రెండో రోజుకే మొహం మొత్తే మన పెద్దలకు ఇది చిన్న సంగతి కాదు. అలాంటి యాత్రలోనూ నగరానికి చేరే రోజు నగరం చూడాలనుకోవద్దు. మధ్యాహ్నం వెలుతురు ఉండగానే చేరి, బండి నిలిపి, సాయంత్రం ఇద్దరు స్టేషన్ దాకా ఒకసారి వెళ్లిరండి. ఆ ఒక్క గంట మర్నాటి తికమకలన్నిటినీ తగ్గిస్తుంది.

ఈ పద్ధతి ఒక్క వాషింగ్టన్‌కే సరిపోతుందని అనుకోనక్కర్లేదు. న్యూయార్క్‌కు మన్‌హాటన్ దగ్గర్లో చోటు వెతికి విసిగిపోయేవాళ్లు ఎందరో. మ్యాప్‌లో ఎంతో దూరంగా కనిపించే క్రోటన్ పాయింట్ పార్కు, హడ్సన్ నది ఒడ్డున వెస్ట్‌చెస్టర్ కౌంటీ నడిపేది, వాళ్ల కంటికి ఆనదు. క్రోటన్-హార్మన్ స్టేషన్ ఆ పార్కు పక్కనే. అక్కడ రైలెక్కితే గంట అటూ ఇటూగా గ్రాండ్ సెంట్రల్‌లో దిగుతారు. సొరంగాల్లోకి ప్రొపేన్ బండిని తీసుకుపోయే ప్రమాదమూ లేదు. మైళ్లలో దూరమైనది రాత్రి తిరుగు ప్రయాణంలో దగ్గరైపోతుంది. ఏ నగరమైనా ముందు రైలు మ్యాప్ తెరిచి, ఊరి నుంచి బయటికి సాగే లైన్ల చివరి స్టేషన్లు గుర్తుపెట్టుకుని, వాటి చుట్టూ క్యాంప్‌గ్రౌండ్లు వెతకాలి. క్యాంప్‌గ్రౌండ్ల జాబితా ముందేసుకుని రైలు కోసం వెతకడం తలకిందుల పని.

ఒక చోటు మనసుకు నచ్చాక ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే ముందు ఆఫీసుకు ఫోన్ చేయండి. మీ బండి పొడవు చెప్పి, సైటు పొడవు అడగండి. వెనక్కి తోలి పెట్టాలా, ముందు నుంచి తిన్నగా దూరి పోవచ్చా కనుక్కోండి, కొత్తగా నడిపేవాళ్లకు రెండోదే మేలు. ఆ వారం ఏ భాగమైనా మరమ్మతు కోసం మూసి ఉందా అని అడగండి, ప్రభుత్వ పార్కుల్లో ఇది తరచూ ఉంటుంది. గేటుకు దగ్గరి సైటు ఇవ్వమనండి. హైవే చప్పుడు కొంచెం ఎక్కువైనా పెద్దవాళ్లకు రాత్రి నడక తగ్గుతుంది. వాషింగ్టన్‌లో మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదటి వారం చెర్రీ పూల కోసం, జూలై 4 బాణసంచా కోసం సైట్లు నెలల ముందే అయిపోతాయి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పెద్దవాళ్లకు విమానం టికెట్టు కొన్న రోజే ఈ సైటు కూడా బుక్ చేయండి, రద్దు చేసుకుంటే ఎంత తిరిగొస్తుందో అదే పేజీలో చదివి మరీ చేయండి.